ప్రెస్ పాస్ లేనివాడు చూసిన ఆట: ఒక లారెన్స్ ట్రిప్ కేస్ స్టడీ

అయోవాలో మా యూనివర్సిటీ స్టూడెంట్ పేపర్‌కి బాస్కెట్‌బాల్ రాయడం నాకిది మూడో సీజన్. ఇప్పటికి తొమ్మిది అవే గేమ్‌లకు, అంటే అవతలి జట్టు ఊళ్లో జరిగే ఆటలకు, రోడ్డు మీద వెళ్లొచ్చాను. కొత్తగా చేరినవాళ్లు అడిగితే కాన్సస్ యూనివర్సిటీ ఉన్న లారెన్స్‌కి వెళ్లిన ఈ ఒక్క ట్రిప్ గురించే చెప్తుంటాను. స్టోరీ బాగా వచ్చిందని కాదు. ఆ రాత్రి నేను పంపిన స్టోరీ టైముకి వెళ్లింది, పేర్లు తప్పు పోలేదు, స్కోరు తప్పు పోలేదు, అసలు సంగతి మాత్రం అందులో లేదు. అది మర్నాడు పొద్దున కారు వెనక సీట్లో బయటపడింది. బయటపెట్టినవాడికి బాస్కెట్‌బాల్‌లో ఎన్ని ఫౌళ్లకి ఆటగాణ్ణి బయటికి పంపిస్తారో కూడా తెలియదు. (అయిదు.)

మొత్తం నలుగురం. పేర్లు రాయను, వాళ్లకి ఇష్టం ఉండదు. నేను రిపోర్టర్ని. ఫొటోలకి మా పేపర్‌లోనే పనిచేసే జూనియర్ అమ్మాయి. అందరినీ అన్నా అంటుంది, పని దగ్గర మాత్రం ఏ అన్న మాటా వినదు. కారు మా రూమ్మేట్‌ది. నాలుగోవాడు రూమ్మేట్‌తో ఒకే ల్యాబ్‌లో పీహెచ్‌డీ చేస్తున్న క్రికెట్ పిచ్చోడు. వాడెందుకు వస్తున్నాడంటే, లారెన్స్ వెళ్తున్నాం అనగానే "నేనూ వస్తా" అన్నాడు, అంతే.

ఫ్రెండ్స్‌ని ఎందుకు తీసుకెళ్లానో దాచుకోవడం అనవసరం. కారు కోసం. మా పేపర్‌కి సొంత బండి లేదు. రెంటల్ కంపెనీలు 25 ఏళ్లు నిండని డ్రైవర్ ఉంటే రోజుకింత అని అదనంగా వేస్తాయి, నాకూ ఫొటోగ్రాఫర్‌కీ ఇద్దరికీ ఆ వయసు రాలేదు. పైగా జనవరి నెల, మంచు మీద నా డ్రైవింగ్ అంతంత మాత్రం. రూమ్మేట్ మిన్నెసోటాలో రెండు చలికాలాలు గడిపి వచ్చినవాడు. పెట్రోలు బిల్లు పేపర్ ఇస్తుంది, బండి వాడిది, టికెట్టు ఎవరిది వాళ్లు కొనుక్కోవాలి. ఇదీ ఒప్పందం. ఇంకో మాట, నేను ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నాను. సెమిస్టర్ నడుస్తుండగా క్యాంపస్ ఉద్యోగం వారానికి 20 గంటలు దాటకూడదు కాబట్టి ఆ వారం మిగతా షిఫ్టులన్నీ ముందే వదిలేసుకున్నాను. ఈ లెక్క చూసుకోకుండా ట్రిప్పులు ఒప్పుకునే మనవాళ్లని ఇద్దరిని చూశాను, అందుకే రాస్తున్నా.

గేటు దాకా

అవే గేమ్‌కి ప్రెస్ పాస్ అడగాల్సింది ఆతిథ్య జట్టు స్పోర్ట్స్ ఇన్ఫర్మేషన్ ఆఫీసుని. నేను అడిగితే కుదరదు, మా స్పోర్ట్స్ ఎడిటర్ పేరు మీద వెళ్లాలి. స్టూడెంట్ పేపర్‌కి మామూలుగా దొరికేది ఒక రైటర్, ఒక ఫొటో. మేం రెండు వారాల ముందు పెట్టాం, రెండూ వచ్చాయి. మిగతా ఇద్దరికీ రీసేల్‌లో టికెట్లు వెతికాం. కాన్సస్ మగవాళ్ల హోమ్ గేమ్ అంటే పండగ రోజు రిజర్వేషన్ లాంటిది. చివరికి దొరికింది ఒక్కటే, బాగా పైవరసలో, అదీ మా జట్టు బెంచ్ వెనక మూల. రూమ్మేట్ తనకి వద్దన్నాడు. "నేను డౌన్‌టౌన్‌లో మాస్ స్ట్రీట్‌లో కాఫీ తాగుతూ కూర్చుంటా, రీసెర్చ్ పేపర్ సబ్మిషన్ ఉంది" అన్నాడు. టికెట్ క్రికెట్ వాడికి పోయింది. ఈ కేసు మొత్తం ఆ ఒక్క టికెట్ చుట్టూ తిరుగుతుంది. అప్పుడు మాకది తెలియదు.

డి మోయిన్స్‌కి ఉత్తరాన ఉన్న మా ఊరి నుంచి లారెన్స్ దాదాపు 270 మైళ్లు. ఐ-35 పట్టుకుని నేరుగా దక్షిణానికి, మిస్సోరిలో బెథనీ, కామెరాన్ దాటి కాన్సస్ సిటీ, అక్కడ ఐ-70 మీద పడమటికి తిరిగితే నలభై మైళ్లలో లారెన్స్. ఆట రాత్రి 8 గంటలకి. నేను పొద్దున 9కి బయల్దేరదామన్నాను. అందరూ తిట్టారు. నాలుగున్నర గంటల దారికి పదకొండు గంటల ముందా అని. అవే గేమ్ దగ్గర నాకున్న ఒకే ఒక్క పట్టుదల ఇది: గేటు తెరిచేసరికి నేను ఊళ్లో ఉండాలి, దారిలో కాదు. ఒకసారి నెబ్రాస్కాలో జాక్ నైఫ్ అయి రోడ్డుకి అడ్డంగా మడతపడ్డ ట్రక్కు వెనక మూడు గంటలు ఇరుక్కుని, ఫస్ట్ హాఫ్ రేడియోలో విన్నాను. అప్పటి నుంచి ఎవరు తిట్టినా పట్టించుకోను.

రోడ్డు గురించి రాయడానికి పెద్దగా లేదు. మోడుబారిన మొక్కజొన్న పొలాలు, గాలిమరలు, పులిహోర డబ్బా. ఒక చిన్న గొడవ మాత్రం చెప్పాలి. క్రికెట్ వాడు దారంతా "మనం గెలుస్తామా, మన సెంటర్ ప్లేయర్‌కి మోకాలు తగ్గిందా" అంటున్నాడు. నేను ప్రతిసారీ దిద్దుతున్నాను, నా పనిలో "మనం" లేదు అని. ప్రెస్ సీట్లో కూర్చున్నవాడు చప్పట్లు కొట్టకూడదు, ఇది ఇక్కడ అన్ని చోట్లా ఉన్న నియమం. ఇంగ్లీషులో ఒకటే "వుయ్" కాబట్టి వాళ్లు దాన్ని అసలు వాడొద్దంటారు. మనకి "మేము", "మనం" రెండున్నాయి, తప్పు చేస్తే ఏ తప్పు చేశావో తెలిసిపోతుంది. "అయితే ఏమనాలిరా?" అన్నాడు. "జట్టు పేరు చెప్పు." "నువ్వు ఇంట్లో కూడా ఇట్లాగే మాట్లాడతావా?" ఇక్కడ "మా జట్టు" అని రాస్తున్నది సౌకర్యం కోసం. కాపీలో అలా రాస్తే ఎడిటర్ ఊరుకోడు.

రెండు గంటలకల్లా లారెన్స్‌లో ఉన్నాం. గేట్లు తెరిచేలోపు డిబ్రూస్ సెంటర్‌కి వెళ్లాం, ఆట జరిగే అలెన్ ఫీల్డ్‌హౌస్ పక్కనే. బాస్కెట్‌బాల్ కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ 1891 డిసెంబరులో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో టైప్ చేయించిన 13 నియమాల అసలు కాగితాలు అక్కడున్నాయి. రెండే పేజీలు. 2010లో వేలంలో 43 లక్షల డాలర్లకి కాన్సస్ పూర్వ విద్యార్థి ఒకాయన కొని యూనివర్సిటీకి తెచ్చాడు. నైస్మిత్ ఇక్కడ మొదటి కోచ్ కూడా, 55 గెలుపులు, 60 ఓటములు. కాన్సస్ చరిత్రలో గెలుపుల కన్నా ఓటములు ఎక్కువున్న కోచ్ ఆయనొక్కడే. ఇది చెప్పగానే క్రికెట్ వాడికి ఆట మీద మొదటిసారి ఆసక్తి పుట్టింది. "కనిపెట్టినాయనే ఓడిపోయాడా? అయితే ఆయన చూస్తుండేవాడు మామా, ఆడించేవాడు కాదు" అన్నాడు. అద్దం ముందు నిలబడి 13 నియమాలూ చదివాడు. నేను ఫోన్‌లో మా జట్టు గాయాల రిపోర్టు చూసుకుంటున్నాను.

మంచు, గాజు

ఫొటోగ్రాఫర్‌ది ఒక చిన్న పొరపాటు ఉంది, అది నాది కూడా. కెమెరా బ్యాగు డిక్కీలో పెట్టాం. బయట 14 డిగ్రీల ఫారన్‌హీట్. నాలుగు గంటలకి పైగా లెన్సులు, బాడీలు ఆ చలిలో గడ్డకట్టుకుని ఉన్నాయి. మీడియా గేటు దగ్గర ఐడీ చూపించి లోపలికి వెళ్లగానే ఆ అమ్మాయి బ్యాగు జిప్పు తీసి 70-200 లెన్సు బయటికి తీసింది. లోపల జనం ఊపిరి, హీటర్లు. నా కళ్లముందే ముందరి గాజు మీద పొగమంచు పరుచుకుంది. ముందు అంచుల నుంచి తెల్లబడి, తర్వాత మధ్యలో చిన్న గుండ్రం మిగిలి, అదీ మూసుకుపోయింది. తుడిచింది. రెండు సెకన్లలో మళ్లీ వచ్చింది. వెనక గాజు మీద కూడా ఉంది. బాడీకి బిగించకముందే చూసింది కాబట్టి సెన్సార్ దాకా పోలేదు.

చేయాల్సింది తేలికే. చల్లటి సామాను బ్యాగులోనే, జిప్పు మూసే ఉంచి వెచ్చటి గదిలో అరగంట వదిలేయాలి. తేమ బ్యాగు మీద పడుతుంది, గాజు మీద కాదు. అంతకన్నా తేలిక, బ్యాగుని డిక్కీలో కాక కాళ్ల దగ్గర పెట్టుకోవడం. ముందొచ్చాం కాబట్టి అరగంట ఉంది మా దగ్గర. వార్మప్ ఫొటోలు పోయాయి, ఆట పోలేదు. పొద్దున తిట్టినవాళ్లకి ఈ సంగతి నేను గుర్తు చేయలేదు. రెండుసార్లు తప్ప.

ఆ హాల్లో చప్పుడు

అలెన్ ఫీల్డ్‌హౌస్ 1955 మార్చి 1న తెరిచారు. 15,300 మంది పడతారు. 2017 ఫిబ్రవరిలో ఇక్కడ కొలిచిన కేక 130.4 డెసిబెల్స్, ఇండోర్ స్పోర్ట్స్‌లో గిన్నిస్ రికార్డు. అంకె చదివితే ఏమీ అనిపించదు. పక్క సీట్లో ఉన్న రేడియో అతను నా చెవి దగ్గర నోరు పెట్టి అరిచినా నాకు సగమే అర్థమైంది. విజిటింగ్ జట్టు పేర్లు చదివేటప్పుడు స్టూడెంట్ సెక్షన్ మొత్తం న్యూస్‌పేపర్లు మొహాలకి అడ్డం పెట్టుకుని, మాకు నీ సంగతి అక్కర్లేదన్నట్టు ఊపుతారు. తర్వాత వాటినే చించి గాల్లోకి విసురుతారు. స్టూడెంట్ పేపర్‌లో రాసేవాణ్ణి, మూడేళ్లలో అంతమంది చేతుల్లో ప్రింట్ పేపర్ ఒకేసారి నేను అక్కడే చూశాను.

ఈ చప్పుడు ఆటని ఎలా మారుస్తుందో కొంచెం వివరంగా చెప్పాలి, కేసు దీని మీదే ఆధారపడింది కాబట్టి. కాలేజీ ఆటలో ఫస్ట్ హాఫ్‌లో జట్టు దాడి చేసేది తమ బెంచ్‌కి దూరంగా ఉన్న బుట్ట మీద. సెకండాఫ్‌లో వైపులు మారతాయి. అంటే సెకండాఫ్‌లో డిఫెన్స్ ఆడేది బెంచ్‌కి దూరపు కొసలో. కోర్టు పొడవు 94 అడుగులు. కోచ్ ఇటు కొస నుంచి అరుస్తాడు, అటు కొసలో ఉన్న అయిదుగురికి వినపడాలి. మామూలు హాల్లో వినపడుతుంది. ఇక్కడ వినపడదు. ఇది నాకు తెలుసు. తెలిసి కూడా ఆ రాత్రి దాని వైపు చూడలేదు.

ఎందుకు చూడలేదంటే నా పని పద్ధతి అలాంటిది. ఎడిటర్‌కి ఫైనల్ బజర్ మోగిన రెండు నిమిషాల్లో స్టోరీ సైట్ మీద ఉండాలి. కోచ్ మాటలతో పూర్తి వెర్షన్ గంటలోపు. అందుకని ఆట నడుస్తుండగానే రాస్తాం. హాఫ్‌టైమ్ 15 నిమిషాల్లో ఫస్ట్ హాఫ్ పేరాలు. సెకండాఫ్‌లో 16, 12, 8, 4 నిమిషాలు మిగిలాక బంతి ఆగిన మొదటిసారి టీవీ కోసం మీడియా టైమవుట్ వస్తుంది. మా అందరి గడియారం అదే. 8 దాటాక రెండు లీడ్‌లు, అంటే స్టోరీ మొదలుపెట్టే పేరాలు, రాసిపెట్టుకుంటాను, ఒకటి గెలిస్తే, ఒకటి ఓడితే. 4 దాటిన టైమవుట్‌లో ఇంకో పని ఉంటుంది. ఆట అయ్యాక ఏ ఆటగాళ్లతో మాట్లాడాలో మా జట్టు మీడియా మనిషికి అప్పుడే చెప్పేయాలి. ఆలస్యమైతే ఆటగాళ్లు బస్సెక్కేస్తారు.

8 నిమిషాలప్పుడు మా జట్టు 13 వెనక. 4 నిమిషాలు మిగిలేసరికి తేడా 3. స్టాట్ షీట్ చూశాను. మా షూటర్ ఈలోపు మూడు త్రీలు (మూడేసి పాయింట్ల బుట్టలు) వేశాడు, మొత్తం 24 పాయింట్లు. లీడ్ తయారైపోయింది. మీడియా మనిషికి షూటర్ పేరు చెప్పాను. ఆ నాలుగు నిమిషాల్లో నా తల ఎంతసేపు లాప్‌టాప్‌లో ఉందో లెక్కపెట్టలేదు కానీ, మూడు బుట్టలు నేను చూసింది ఎదురుగా కాదు, పైనున్న స్క్రీన్ మీద రీప్లేలో. ఆఖర్లో ఫౌళ్లు, ఫ్రీ త్రోలు, 6 పాయింట్ల తేడాతో ఓటమి. స్టేడియం మెల్లగా, చర్చి పాటలా కాన్సస్ నినాదం "రాక్ చాక్" అందుకుంటుంటే నేను ఓటమి లీడ్ పంపాను.

ప్రెస్ కాన్ఫరెన్స్ గురించి చెప్పడానికి తక్కువే ఉంది. కోచ్‌ని "డిఫెన్స్‌లో ఏం మారింది?" అని అడిగాను. ఇంత వెడల్పు ప్రశ్నకి ఎంత వెడల్పు జవాబు రావాలో అంతే వచ్చింది, కుర్రాళ్లు పట్టుదలగా ఆడారని. షూటర్ రెండు వాక్యాలు మాట్లాడి తలొంచుకున్నాడు. పదకొండుం పావుకి పూర్తి వెర్షన్ పంపేశాను. మాస్ స్ట్రీట్ కాఫీ షాప్ మూసేశాక కారులో కూర్చుని రూమ్మేట్ అది చదివి, ఒక ఆటగాడి సంవత్సరం తప్పు పట్టుకున్నాడు. జూనియర్ (మూడో సంవత్సరం) అని రాశాను, సోఫమోర్ (రెండో సంవత్సరం). ఆ రాత్రి స్టోరీకి జరిగిన ఏకైక ఎడిటింగ్ అది.

వెనక్కి రాకపోవడం

ప్లాన్ ప్రకారం అర్ధరాత్రి బయల్దేరి తెల్లారేసరికి ఇంట్లో ఉండాలి. రూమ్మేట్‌కి 9:30కి క్విజ్. బయటికి వచ్చేసరికి సన్నటి తుంపర పడుతోంది. అద్దం మీద పడ్డ చుక్క జారకుండా అక్కడే గట్టిపడుతోంది. మంచు కురిస్తే కనపడుతుంది, జాగ్రత్త పడతాం. ఇది కనపడదు. రోడ్డు తడిగా ఉన్నట్టే ఉంటుంది.

నేను వెళ్దామన్నాను. సిగ్గుపడాల్సిన సంగతే, రాస్తున్నాను. రెండో గది డబ్బు పేపర్ ఇవ్వదని నా గోల. రూమ్మేట్ ఏమీ మాట్లాడకుండా ఫోన్‌లో మిస్సోరి రోడ్ల మ్యాప్ తెరిచి నా చేతిలో పెట్టాడు, తర్వాత అయోవా రోడ్ల సమాచారం ఇచ్చే 511. మేం వెళ్లాల్సిన ఐ-35 కామెరాన్ పైనుంచి అయోవా దాకా రంగు మారి ఉంది. "బండి నాది, నేను నడపను" అన్నాడు. ఈ నియమం అప్పటి నుంచి మా పేపర్‌లో రాసి పెట్టుకున్నాం: వెళ్లాలా వద్దా అనేది స్టీరింగ్ పట్టుకున్నవాడే చెప్తాడు, రిపోర్టర్‌కి ఓటు లేదు. మోటెల్లో రెండు గదులు, 152 డాలర్లు. ఫొటోగ్రాఫర్ గది పేపర్ ఖాతాలో, మాది ముగ్గురం పంచుకున్నాం. క్విజ్ ప్రొఫెసర్‌కి రూమ్మేట్ రాత్రే మెయిల్ పెట్టాడు, తర్వాత మళ్లీ రాయనిచ్చారు.

ఆ రాత్రే వెళ్లుంటే కారులో ముగ్గురు నిద్రపోయేవాళ్లు, ఒకడు నడిపేవాడు. మాటలు ఉండేవి కావు. పొద్దున పది గంటలకి ఉప్పు చల్లిన రోడ్డు మీద మెల్లగా వస్తున్నాం కాబట్టే మాటలు నడిచాయి. బెథనీ దగ్గర పెట్రోలు కొట్టించి బయల్దేరగానే వెనక సీట్లోంచి క్రికెట్ వాడు అడిగాడు.

"మామా, మన పొట్టి గార్డు ఉన్నాడే, వాడు ఆఖర్లో ఫీల్డింగ్ సెట్ చేస్తున్నాడెందుకు?"

"ఏంటి?"

"సెకండాఫ్ మొదట్లో ప్రతిసారీ అవతలి కొసకి పోయాక వెనక్కి తిరిగి కోచ్ వంక చూసేవాడు. కోచ్ చెయ్యి ఊపేవాడు, వీడికి అర్థమయ్యేది కాదు, మళ్లీ చూసేవాడు. ఈలోపు వాళ్లు గోల్ వేసేసేవాళ్లు. తర్వాత ఒక బ్రేక్ వచ్చింది చూడు, ఎనిమిది నిమిషాలప్పుడు. అందులో కోచ్ వీడి భుజం పట్టుకుని చాలాసేపు మాట్లాడాడు, మిగతావాళ్లతో మాట్లాడలేదు. ఆ తర్వాత వీడు వెనక్కి చూడ్డమే మానేశాడు. తనే తల మీద పిడికిలి పెట్టేవాడు, లేకపోతే రెండు చేతులూ చాపేవాడు. పిడికిలి పెడితే అందరూ దగ్గరికొచ్చి గూడు కట్టేవాళ్లు. చేతులు చాపితే తలా ఒకణ్ణి పట్టుకునేవాళ్లు. కెప్టెన్‌కి అప్పజెప్పేశారు కదా?"

గూడు కట్టడం అంటే జోన్. తలా ఒకణ్ణి పట్టుకోవడం అంటే మ్యాన్-టు-మ్యాన్. వాడికి ఆ మాటలు తెలియవు. కారులో కొంతసేపు ఎవరం మాట్లాడలేదు. 13 తేడా 3కి ఎలా దిగిందో రాత్రి నేను 700 పదాల్లో చెప్పాను, వీడు అరనిమిషంలో చెప్పాడు. అడగాల్సిన ఆటగాడు గార్డు, అంటే బంతి నడిపించేవాడు. నేను అడిగింది షూటర్ని.

బంతి వెనక పరిగెత్తడం అలవాటైన కళ్లు బంతితోనే పోతాయి. వాడికి బంతి అర్థం కాలేదు కాబట్టి మనుషుల్ని చూశాడు. క్రికెట్‌లో బౌలర్ నడిచి వెనక్కి వెళ్లేటప్పుడు కెప్టెన్ ఎవర్ని ఎక్కడికి జరుపుతున్నాడో చూసే అలవాటు వాడిది. సీటు కూడా అందుకు సరిగ్గా సరిపోయింది, మా బెంచ్ వెనక పైవరస. కోచ్ చెయ్యీ, అవతలి కొసలో గార్డు మొహమూ ఒకే చూపులో కనపడతాయి. నాకిచ్చిన ప్రెస్ సీటు నుంచి నేను తలెత్తి చూసినా రెండూ కలిపి కనపడేవి కావు.

రుజువు

ఫ్రెండ్ చెప్పాడని రాయలేం. వాడు మా జట్టు టీ షర్టు వేసుకుని గొంతు పోయేలా అరిచిన అభిమాని. వాడి మాట నాకు ప్రశ్న ఇస్తుంది, అంతే. దాన్ని జవాబుగా వాడుకోకూడదు.

ముందు బ్రాడ్‌కాస్ట్ రికార్డింగ్ చూశాను. టీవీ కెమెరా బంతి వెంట పోతుంది, బెంచ్ కనపడదు. గార్డు చెయ్యి రెండు చోట్ల మాత్రం అర సెకను కనపడింది. లెక్క మాత్రం దొరికింది: 8 నుంచి 4 నిమిషాల మధ్య కాన్సస్ దాడులు 11, అందులో 8 సున్నాతో ముగిశాయి. కాబట్టి ఆట తిరిగింది ఇటు కొసలో వేసిన త్రీల వల్ల కాదు, అటు కొసలో ఆపిన బుట్టల వల్ల.

తర్వాత ఫొటోగ్రాఫర్ని అడిగాను. ఆ అమ్మాయి సెకండాఫ్ అంతా మా జట్టు దాడి చేసే బుట్ట కింద, బేస్‌లైన్ మీద నేల మీద కూర్చుంది. అంటే డిఫెన్స్ ఆమెకి అవతలి కొస. కానీ డిఫెన్స్ ఆడేవాడు తన బుట్టకి వీపు పెట్టి నిలబడతాడు, అంటే మొహం ఆమె వైపే. దాదాపు తొమ్మిది వందల ఫ్రేముల్లో పద్నాలుగు పంపింది, మిగతావి కార్డులో ఉన్నాయి.

"అవతలి కొసవి నేను ఊరికే ఫోకస్ చూసుకోడానికి కొట్టినవి అన్నా. బాల్ కూడా లేదు వాటిలో."

"టైమ్ చూసి తీయి. ఎనిమిది నిమిషాల బ్రేక్ తర్వాత."

ఏడు ఫ్రేములు దొరికాయి. ఒకదాంట్లో స్పష్టంగా ఉంది. కాన్సస్ ఆటగాళ్ల వీపులు మసకగా ముందు, వాళ్ల మధ్య సందులోంచి మా గార్డు, కుడి పిడికిలి నెత్తి మీద, నోరు తెరిచి ఏదో అంటున్నాడు, కళ్లు బెంచ్ వైపు కాదు, తన పక్కవాడి వైపు. వెనక స్టూడెంట్ సెక్షన్ మొత్తం నోళ్లు తెరుచుకుని ఉంది. ఆ నోళ్లు చూస్తే పిడికిలి ఎందుకు అవసరమైందో ఎవరికైనా తెలుస్తుంది.

రెండు రోజుల తర్వాత ప్రాక్టీసు ముందు మీడియా టైమ్‌లో ఆ ఫొటో ఫోన్‌లో గార్డుకి చూపించాను. ముందు నవ్వాడు, తర్వాత ఈ ఫొటో ఎవరు తీశారని అడిగాడు. అప్పుడు చెప్పాడు. టైమవుట్‌లో కోచ్ చెప్పింది ఒకటే: నా గొంతు నీకు చేరట్లేదు, అవతలి పెద్ద సెంటర్ లోపలుంటే జోన్, లేకపోతే మ్యాన్, నువ్వే చూసుకో. అతను సోఫమోర్, అప్పటిదాకా ఏ ఆటలోనూ అంత బాధ్యత ఇవ్వలేదు. అసిస్టెంట్ కోచ్ కూడా అదే మాట విడిగా చెప్పాక రాశాను. మూడో రోజు స్టోరీ, ఏడు ఫ్రేముల్లోంచి ఆ ఒక్క ఫొటోతో. మా ఎడిటర్ చదివి అన్నది: "బాగుంది. ఇది ఆ రాత్రే ఎందుకు రాలేదు?"

తర్వాత మార్చినవి

ఇప్పుడు అవే గేమ్‌కి టికెట్‌తో వచ్చే ఫ్రెండ్ ఉంటే, ప్రతి మీడియా టైమవుట్‌కీ ఒక్క లైను మెసేజ్ పెట్టమంటాను. స్కోరు వద్దు, బంతి లేనిచోట ఏం కనపడిందో చెప్పు అంటాను. ఇది ప్రతిసారీ పనిచేయలేదు. తర్వాతి ట్రిప్‌కి వచ్చినవాడు హైస్కూల్లో బాస్కెట్‌బాల్ ఆడినవాడు. నలభై మెసేజ్‌లు పెట్టాడు, అన్నీ రెఫరీలని తిడుతూ. అంతకుముందు ఆట తెలిసినవాడు దొరికితే అదృష్టం అనుకునేవాణ్ణి, ఇప్పుడు అనుకోను. హాల్లో నెట్‌వర్క్ కూడా పెద్ద సమస్య. పదిహేను వేల ఫోన్లు ఒకేచోట ఉంటే మెసేజ్ పావుగంట తర్వాత వస్తుంది. అందుకని హాఫ్‌టైమ్‌లో ఒకసారి కాంకోర్స్‌లో (సీట్ల వెనక నడవాలో) కలవడం ఖాయం చేసుకున్నాం. మొహం చూసి చెప్తే ప్రశ్నలు అడగొచ్చు.

4 నిమిషాల టైమవుట్‌లో ఇప్పుడు రెండు పేర్లు ఇస్తున్నాను. ఒకటి స్టాట్ షీట్‌లో పైనున్నవాడు, రెండోది ఆ షీట్ చూస్తే ఎవరికీ తోచనివాడు. రెండో పేరు సగంసార్లు వృథా అవుతుంది. ఆ టైమవుట్ అయ్యాక మొదటి రెండు పొసెషన్లు (దాడులు) అయ్యేదాకా లాప్‌టాప్ మూత దించేస్తాను. మొదట్లో చాలా టెన్షన్‌గా ఉండేది, పక్కన అందరూ టైప్ చేస్తుంటే. బజర్ స్టోరీ ఇప్పటిదాకా ఒక్కసారే ఆలస్యమైంది, నాలుగు నిమిషాలు.

కెమెరా బ్యాగు నా కాళ్ల దగ్గర ఉంటుంది. 270 మైళ్లు మోకాళ్లు ముడుచుకుని కూర్చోవాలి.

ఖర్చుల లెక్క నెల తర్వాత మూసేశాం అనుకున్నాం. కాన్సస్ టర్న్‌పైక్ మీద 2024 జూలై నుంచి టోల్ బూత్‌లు లేవు, నంబర్ ప్లేట్ ఫొటో తీసి బిల్లు ఓనర్ ఇంటికి పంపిస్తారు. నా ఎక్స్‌పెన్స్ షీట్‌లో ఆ గడే లేదు. ఒకరోజు రూమ్మేట్ బిల్లు ఫొటో గ్రూపులో పెట్టి, "ఇది ఎవరు కవర్ చేస్తున్నారు?" అని అడిగాడు. క్రికెట్ వాడు వెంటనే రాశాడు: "మనం."